జనవరిలో కేదార్‌కంఠ వెళ్తున్నాం, స్నో షూస్ కొనాలా?

అరండల్‌పేట_కుర్రోడు: నేనూ మా బావమరిదీ జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కడానికి బయల్దేరుతున్నాం. ఎత్తు 12,500 అడుగులట. ఇద్దరం ఇంతవరకూ మంచు చూడలేదు. స్నో షూస్ కొనాలా, అద్దెకు దొరుకుతాయా? ప్రాక్టీస్ ఇక్కడ ఎక్కడ చేయాలి? రైల్లో ఎలా వెళ్లాలి? అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.

బెజవాడ_వన్‌టౌన్: కొనకండి. మోకాలి లోతు మెత్తటి మంచులో కాలు దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలే స్నో షూస్. కేదార్‌కంఠ దారి అందరూ తొక్కి తొక్కి గట్టిపడిపోతుంది, తెల్లవారుజామున గచ్చులా జారుతుంది. అక్కడ బూటు కింద తొడిగే మైక్రోస్పైక్స్ కావాలి, మంచు బూటు లోపలికి పోకుండా పిక్కలకు చుట్టుకునే గైటర్లు కావాలి. రెండూ ట్రెక్కు మొదలయ్యే సాంక్రీ ఊళ్లో అద్దెకిస్తారు. దిగేటప్పుడు ఇంకేముందిలే అని స్పైక్స్ విప్పేశాను, జారిపడి మోచేయి వాచింది. ఆ తప్పు మీరు చేయొద్దు.

తెనాలి_ట్రెక్కర్: కర్పూరం మర్చిపోకండి. దారిలో జుడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర నాకు ఊపిరి అందలేదు. రుమాల్లో కర్పూరం మూటకట్టి పీల్చాను, పది నిమిషాల్లో తేరుకున్నాను.

బ్రాడీపేట_నర్స్: పది నిమిషాలు కూర్చున్నారు కాబట్టి తేరుకున్నారండీ. కర్పూరం పీలిస్తే ముక్కు చల్లబడి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. ఎత్తులో తలనొప్పి, వాంతులు ఉంటే ఇక పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు, తూలుతుంటే మాత్రం ఆగకుండా వెంటనే దిగాలి. ఎత్తు పడకపోతే వాడే డయామాక్స్ మాత్ర కూడా డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్లకు ప్రమాదం.

తెనాలి_ట్రెక్కర్: మీరు ఎప్పుడైనా కొండ ఎక్కారా? నా ప్రాణం నిలబెట్టింది అది. ఆసుపత్రిలో కూర్చుని చెప్పడం తేలికే.

బ్రాడీపేట_నర్స్: ఎక్కలేదు. మా తమ్ముడు లేహ్‌లో విమానం దిగిన రోజే ఊరంతా తిరిగాడు. అది 3,500 మీటర్ల ఎత్తు. రాత్రికి మాట తడబడింది, మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. జేబులో కర్పూరం పొట్లం అలాగే ఉంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

మంచుకొండ_7: నావి ఏడు మంచు ట్రెక్కులు, గుల్మార్గ్‌లో స్నో షూస్ మీద కూడా నడిచాను. ఒకదాని అంచు ఇంకోటి తొక్కకుండా కాళ్లు కాస్త ఎడంగా వేయాలి, వెనక్కి నడవబోతే వాటి వెనక కొస మంచులో గుచ్చుకుని పడతాం. చేతికర్రలకు కింద వెడల్పాటి గుండ్రటి బిళ్లలు ఉండాలి, లేకపోతే కర్ర పిడి దాకా దిగిపోతుంది.

బెజవాడ_వన్‌టౌన్: ఆయన వెళ్లేది గుల్మార్గ్ కాదండీ.

పట్నంబజార్_రవి: అందరూ ఇనుప సామాన్ల గురించే మాట్లాడుతున్నారు. నన్ను ఏడిపించింది కాటన్ సాక్సులు. చెమటకు తడిసి ఆరలేదు, రాత్రి కాలివేళ్లు తెల్లబడి స్పర్శ పోయింది. చంకల్లో చేతులు వెచ్చచేసుకుని వేళ్లకు ఆనించి కూర్చున్నాను, గంటకు గానీ చురుకు రాలేదు. ఉన్నివి మూడు జతలు తీసుకెళ్లండి, ఒకటి పడుకునేటప్పటికే అని విడిగా దాచండి. ఫోను కూడా స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోండి, చలికి ఛార్జింగ్ ఇట్టే దిగిపోతుంది.

తెనాలి_ట్రెక్కర్: సాక్సుల మాట నిజం. కర్పూరం మాత్రం నేను వదలను.

అరండల్‌పేట_కుర్రోడు: సిస్టర్ గారి మాటలు అమ్మకు చదివి వినిపించాను. తల నొప్పెడితే వెనక్కి తిరుగుతానని ఒట్టు వేయించుకుంది. ప్రాక్టీస్, రైలు సంగతి ఎవరైనా చెప్పండి.

పట్నంబజార్_రవి: ఎనిమిది కేజీల బ్యాగు వేసుకుని మంగళగిరి మెట్లు ఎక్కి దిగు తమ్ముడూ, వారానికి నాలుగు రోజులు. మోకాళ్లకు పరీక్ష దిగడంలోనే. రైలు ఢిల్లీకి, అక్కడి నుంచి డెహ్రాడూన్. సాంక్రీ అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, పగలంతా పడుతుంది. డబ్బులు దారిలో వచ్చే పురోలా ఊళ్లోనే ఏటీఎంలో తీసిపెట్టుకో.