ఏడో రౌండ్‌లో మరో టైట్ ఎండ్: 247వ స్థానంలో బ్రేడెన్ విల్లిస్ ఎంపిక సరైనదేనా?

ప్రశ్న: శాంటాక్లారా అభిమాని (2023 మే)

మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ అభిమానులందరికీ నమస్కారం. శనివారంతో ముగిసిన 2023 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కళాశాల ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మన జట్టు తొమ్మిది మందిని ఎంచుకుంది. మొదటి రెండు రౌండ్లలో మనకు అవకాశమే లేదు కాబట్టి, చేతిలో ఉన్నవాటిని ఆచితూచి వాడుకుంటారని ఆశించాను. మూడో రౌండ్‌లో 101వ స్థానంలో అలబామా టైట్ ఎండ్ (లైన్ అంచున నిలిచి ప్రత్యర్థులను అడ్డుకుంటూ, బంతి కూడా పట్టే ఆటగాడు) కామెరన్ లాటూను తీసుకున్నారు. అది చాలదన్నట్టు ఏడో రౌండ్‌లో 247వ స్థానంలో ఓక్లహోమాకు చెందిన బ్రేడెన్ విల్లిస్‌ను, అంటే మరో టైట్ ఎండ్‌ను తీసుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

కుడి టాకిల్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు లైన్ అంచున కాపుగా నిలిచే ఆటగాడు) మైక్ మెక్‌గ్లించీ మార్చిలో డెన్వర్‌కు వెళ్లిపోయాడు. ఎడమ టాకిల్ ట్రెంట్ విలియమ్స్‌కు జూలైలో 35 ఏళ్లు నిండుతాయి. అయినా ఈ తొమ్మిది మందిలో టాకిల్ లాంటి ఆఫెన్సివ్ లైన్ ఆటగాడు ఒక్కడు కూడా లేడు. మన ప్రధాన టైట్ ఎండ్ జార్జ్ కిటిల్ ఒప్పందం 2025 దాకా ఉంది, ఇప్పుడు లాటూ కూడా వచ్చాడు. అలాంటప్పుడు విల్లిస్‌కు ఆడే చోటు ఎక్కడుంది? ఈ ఎంపిక వెనక ఆలోచన ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఫ్రీమాంట్ పాఠకుడు

మీ ఆవేదన అర్థమైంది. అయితే జనవరి 29న ఫిలడెల్ఫియాలో మన సీజన్ ఎలా ముగిసిందో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. మొదటి క్వార్టర్‌లోనే మన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ మోచేతి లిగమెంట్ తెగిపోయింది. ఆ ప్లేలో ఫిలడెల్ఫియా డిఫెండర్ హాసన్ రెడిక్ అంచు నుంచి దూసుకువస్తున్నప్పుడు అతనికి ఎదురుగా ఒంటరిగా నిలిచినవాడు టాకిల్ కాదు, మన మరో టైట్ ఎండ్ టైలర్ క్రాఫ్ట్. క్రాఫ్ట్ ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు, ఎందుకంటే రెడిక్ లాంటి వేటగాడిని టైట్ ఎండ్‌కు వదిలేసిన పథకంలోనే ప్రమాదం ఉంది. కానీ మన కోచ్ కైల్ షానహాన్ ఆఫెన్స్‌లో టైట్ ఎండ్‌కు అలాంటి పనులు తప్పవు. అతని అవుట్‌సైడ్ జోన్ పరుగులు (బంతితో అంచు వైపు సాగేవి) సాగాలంటే అంచున ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ను కనీసం ఒక్క క్షణమైనా పక్కకు నెట్టి నిలపగలిగేవాడు కావాలి, అదే ఆటగాడు తర్వాతి ప్లేలో బ్లాక్ చేస్తున్నట్టే కనిపించి బంతి కోసం పరుగెత్తగలగాలి. క్యాచ్‌ల లెక్క మాత్రమే చూస్తే ఈ పని విలువ ఎప్పటికీ తెలియదు.

క్రాఫ్ట్ ఈ ఏడాది మయామీకి వెళ్లిపోయాడు. మిగిలినవారిలో చార్లీ వోర్నర్‌ను చూడండి. 2020లో ఆరో రౌండ్‌లో 190వ స్థానంలో వచ్చాడు. అతని చేతికి బంతి వెళ్లడమే అరుదు. అయినా బ్లాకింగ్ వల్ల, స్పెషల్ టీమ్స్‌లో (కికాఫ్, పంట్ లాంటి బంతిని తన్నే సందర్భాల్లో దిగే జట్లు) చేసే పని వల్ల ఇన్నేళ్లుగా 53 మంది జట్టులో నిలబడ్డాడు. విల్లిస్ నుంచి జట్టు మొదట కోరుకునేది ఇదేనని నా అభిప్రాయం.

పైగా విల్లిస్ ఓక్లహోమాలో ఐదు సీజన్లు ఉన్నాడు. లైన్ పక్కనే కాకుండా వెనక నుంచి కదులుతూ బ్లాక్ చేసే పాత్ర కూడా పోషించాడు. గత సీజన్‌లో 39 క్యాచ్‌లు, 514 యార్డులు, ఏడు టచ్‌డౌన్లు అతని పేరిట ఉన్నాయి. మన ఫుల్‌బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడికి ముందుండి దారి చేసే ఆటగాడు) కైల్ యూస్‌చెక్‌కు గత నెలలో 32 నిండాయి, అతని పని నేర్చుకునేవాడు కూడా కావాలి. ఒకే ఆటగాడు రెండు పాత్రలకు సిద్ధమయ్యే అవకాశం ఉన్నప్పుడు 247వ స్థానం అంత పెద్ద ధర కాదు.

జవాబు: కిటిల్ అభిమాని, డబ్లిన్

కిటిల్ కూడా 2017లో ఐదో రౌండ్‌లో 146వ స్థానంలోనే వచ్చాడన్న సంగతి మరువకూడదు. అయోవాలో అతని మొత్తం క్యాచ్‌లు 48 మాత్రమే. మరుసటి ఏడాదికల్లా, అంటే 2018లో, 1,377 యార్డులతో అప్పటికి టైట్ ఎండ్‌లలో ఎవరికీ లేని రికార్డు నెలకొల్పాడు. డెన్వర్ 1990లో ఏడో రౌండ్‌లో తీసుకున్న షానన్ షార్ప్ నేడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. కాబట్టి నాకు విల్లిస్ మీద చాలా ఆశ ఉంది.

జవాబు: పాత అభిమాని, శాక్రమెంటో

డబ్లిన్ మిత్రులారా, మీ ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంది, కానీ ఆ ఉదాహరణలతో కొంత జాగ్రత్త అవసరం. 1990లో డ్రాఫ్ట్ 12 రౌండ్ల పాటు సాగేది, అందువల్ల 192వ స్థానంలో వచ్చిన షార్ప్ తర్వాత ఇంకా ఎందరో ఉన్నారు. నేడు ఏడో రౌండే చివరిది. ఈ ఏడాది మొత్తం 259 మందిలో విల్లిస్ 247వ వాడు. ఇలా చివర్లో వచ్చినవారిలో చాలామంది ఆగస్టు కోతల్లోనే జట్టు బయటకు వెళ్తారు, వారి పేర్లు మనకు గుర్తుండవు.

మన చరిత్రలోనే దీనికి మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. 2006లో ఆరో స్థానంలో వెర్నన్ డేవిస్‌ను తీసుకున్న మన జట్టే, అదే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో 175వ స్థానంలో డెలానీ వాకర్‌ను కూడా తీసుకుంది. వాకర్ కళాశాలలో రిసీవర్. డేవిస్ నీడలో ఏడేళ్లు బ్లాకింగ్ చేస్తూ, స్పెషల్ టీమ్స్‌లో పరుగెడుతూ ఓపికగా గడిపాడు. 2013లో టెన్నెసీకి వెళ్లాకే అతని పూర్తి ప్రతిభ బయటపడింది. 2015లో అక్కడ 1,088 యార్డులు సాధించాడు. అతన్ని వదులుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఒకే ఏడాది ఇద్దరు టైట్ ఎండ్‌లను తీసుకోవడం తప్పని నేను అనను. రెండోవాడికి ఎదిగే చోటు ఇస్తారా లేదా అన్నదే నా ఆందోళన.

ఏ జట్టూ తీసుకోకపోతే తర్వాత పిలిచి సంతకం చేయించుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఐపీఎల్ వేలంలా ధర పాడుకోవడం ఇక్కడ ఉండదు. డ్రాఫ్ట్‌లో ఎంపికైన ఆటగాడితో ఒప్పందం చేసుకునే హక్కు ఆ ఒక్క జట్టుకే ఉంటుంది, ఆ ఒప్పందం నాలుగేళ్లు సాగుతుంది. ఎంపిక కానివాడు మాత్రం తనకు నచ్చిన జట్టును తానే ఎంచుకుంటాడు, అతని ఒప్పందం మూడేళ్లే. కిటిల్, లాటూ ఇద్దరూ ఉన్న జట్టును ఏ యువ టైట్ ఎండ్ తనంతట తాను కోరుకుంటాడు? జట్టుకు విల్లిస్ కావాలంటే డ్రాఫ్ట్‌లో తీసుకోవడమే నమ్మకమైన దారి.

ప్రశ్న అడిగిన శాంటాక్లారా అభిమాని

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెడిక్ ప్లే గురించి చదివాక బ్లాకింగ్ చేయగల టైట్ ఎండ్ అవసరాన్ని ఒప్పుకుంటాను. అయినా అదే ప్లే నా వాదనను కూడా బలపరుస్తుందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే అంచున నిలవడానికి టైట్ ఎండ్ ఎంత ముఖ్యమో, అతని పక్కన నమ్మకమైన టాకిల్ ఉండటం అంతకన్నా ముఖ్యం. కుడివైపు బాధ్యత ఇప్పుడు కోల్టన్ మెక్‌కివిట్జ్ మీద పడేటట్టు ఉంది. అతనికి గాయమైతే ఎవరు వస్తారన్న ప్రశ్నకు ఈ డ్రాఫ్ట్ జవాబు చెప్పలేదు.

జవాబు: ఫ్రీమాంట్ పాఠకుడు

టాకిల్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, ఆ లోటు ఇంకా అలాగే ఉంది. విల్లిస్ సంగతి మాత్రం ఆగస్టు ప్రీ-సీజన్ మ్యాచ్‌లలో తేలుతుంది. నాలుగో క్వార్టర్‌లో అతను పట్టే క్యాచ్‌ల కన్నా, కికాఫ్, పంట్ జట్లలో అతన్ని ముందుగా పంపుతున్నారా, వోర్నర్‌తో కలిపి లైన్ మీద నిలబెడుతున్నారా అన్నది గమనించండి.