నూనె అమ్మకముందే పేరు రిజిస్టర్ చేయించాలా?

సీమగానుగ (అనంతపురం): నేనూ మా తోటికోడలూ కలిసి చెక్క గానుగ పెట్టాం. వేరుశనగ నూనెను లీటరు సీసాల్లో ‘అనంత గానుగ’ పేరుతో అమ్మాలని అనుకుంటున్నాం. వెయ్యి స్టిక్కర్లు కొట్టించే ముందు అడుగుతున్నా: ట్రేడ్‌మార్క్‌కు ఇప్పుడే వేయాలా, నాలుగు సీసాలు అమ్ముడయ్యాక చూసుకోవచ్చా?

ఏడురోడ్లు (కడప): ఇప్పుడే వేయండక్కా. ట్రేడ్‌మార్క్‌కు సరుకులను క్లాసులుగా విడదీస్తారు, వంటనూనె 29వ క్లాసు. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకు 4,500 ఫీజు. మా నాన్న ఇరవై ఏళ్లకు పైగా ఒకే పేరుతో కారంపొడి అమ్మాడు. మా దగ్గర సరుకు తీసుకునే స్టాకిస్టు ఆ పేరును తన మీద రిజిస్టర్ చేయించుకుని, తిరిగి మాకే నోటీసు పంపాడు. ముందునుంచీ వాడుతున్నవాళ్లను 1999 ట్రేడ్‌మార్క్ చట్టం 34వ సెక్షన్ కాపాడుతుందని వకీలు ధైర్యం చెప్పాడు, కానీ వాడినట్టు బిల్లులు కావాలన్నాడు. అటక మీది బిల్లు పుస్తకాలు దించితే కార్బన్ కాగితాలతో సహా చెదలు తినేశాయి. అట్టలు మిగిలాయి.

బురుజునీడ (కర్నూలు): ముందు వాడినవాళ్లదే పేరని మీరే చెప్పారు. ఇంక ఫీజు ఎందుకు? నేను కొర్ర బిస్కెట్లకు వేశాను. 4,500 అని మొదలుపెట్టిన ఏజెంటు చివరికి 12 వేలు గుంజాడు. పేరులో ఊరి పేరు ఉందని అభ్యంతరం వచ్చింది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలట. ఆయన ఇవ్వలేదు, నాకు చెప్పనూ లేదు. దరఖాస్తు పోయింది.

కమలానగర్: ‘అనంత’ అంటే ఊరు, ‘గానుగ’ అంటే పని. ఊరినో పనినో చెప్పే పేరంటే ఆ చట్టం 9వ సెక్షన్ కింద ఇబ్బందే. వేరే పేరు చూడండి. ట్రేడ్‌మార్క్ సైట్‌లో వెతకడం ఉచితం.

ఏడురోడ్లు: 12 వేలు తీసుకున్నది ఏజెంటు. ప్రభుత్వ ఫీజు 4,500 మాత్రమే. అక్కను తప్పుదారి పట్టించకండి.

బురుజునీడ: నా జేబులోంచి పోయింది 12 వేలే. అయినా స్టాకిస్టు దరఖాస్తు ట్రేడ్‌మార్క్ ఆఫీసు వేసే జర్నల్‌లో పడ్డాక నాలుగు నెలల గడువు ఉంటుంది కదా? అప్పుడు అడ్డు చెప్పకుండా ఏం చేశారు?

ఏడురోడ్లు: ప్రతి సోమవారం జర్నల్ చదువుతూ కూర్చుంటే మిర్చి ఎవరు ఆడించాలి సార్? మీకు పోయింది డబ్బు, మళ్లీ సంపాదించుకుంటారు. నేను మా నాన్న పెట్టిన పేరును సంచి మీద అచ్చు వేయించలేకపోతున్నా.

గుత్తిరోడ్డు: ఇద్దరూ కాస్త ఆగండి. ఆమె అడిగింది ఏంటి?

బురుజునీడ: పేరు పోతే ఎలా ఉంటుందో నాకు చెప్పొద్దు. బిస్కెట్లకు ముందు తమ్ముడితో కలిసి పదకొండేళ్లు హోటల్ నడిపాను. ట్రేడ్‌మార్క్ వేసే పని వాడికే అప్పగించాను. దరఖాస్తుదారు గడిలో తన పేరు ఒక్కటే రాసుకున్నాడు. విడిపోయాక ఆ పేరు తనదేనన్నాడు. కొత్త హోటల్‌కు నేను పెట్టుకున్న బోర్డును నేనే నిచ్చెన వేసుకుని దించాను. వేయాలా వద్దా అన్నది పక్కన పెట్టమ్మా. వేస్తే ఎవరి పేరు మీద వేస్తారు? మీదా, మీ తోటికోడలిదా?

ఏడురోడ్లు: ఇంట్లో ఎవరో ఒకరి పేరు మీదే ఉండాలి. ఇద్దరిదైతే రేపు అమ్మాలన్నా, వేరేవాళ్లకు ఇవ్వాలన్నా ఇద్దరూ సంతకం పెట్టాలి. మా ఇంట్లో అన్నీ అమ్మ పేరు మీదే ఉన్నాయి.

బురుజునీడ: ఇద్దరూ సంతకం పెట్టాలనే కదా నేను మొత్తుకుంటున్నది! ఇద్దరూ ఉమ్మడిగా వేయొచ్చు, 24వ సెక్షన్ చూడండి. లేదా భాగస్వామ్య ఒప్పందం రాసుకుని సంస్థ పేరుతో వేయండి. సంస్థకు ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా నమోదు) ఉంటే అప్పుడూ 4,500లే, లేకపోతే 9,000.

కమలానగర్: నూనె తీశాక మిగిలే తెలగపిండి చెక్కను కూడా పశువుల దాణాగా అదే పేరుతో అమ్మితే అది 31వ క్లాసు. దానికి ఇంకో ఫీజు.

సీమగానుగ: స్టిక్కర్లు ఆపేశాం. పేరు మారుస్తాం, మొదటి సీసా నుంచి ప్రతి బిల్లునూ ఫోటో తీసి పెట్టుకుంటాం. బురుజునీడ అన్నా, మీరు ఎవరి పేరు మీద అని అడిగాక రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యమ్ సర్టిఫికెట్ పోయిన వారమే నా ఒక్కదాని పేరు మీద తీశాను. గానుగకు సగం డబ్బు మా తోటికోడలు తన గాజులు కుదువ పెట్టి తెచ్చింది. ఆమెకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఇప్పుడే కిందికి వెళ్తున్నా.