డీకమిషనింగ్‌కు ‘నిరాయుధీకరణ’ సరిపోతుందా?

ఉత్తర ఐర్లండ్‌లో 1998 ఏప్రిల్ 10న కుదిరిన శాంతి ఒప్పందంలోని ‘డీకమిషనింగ్’ (సాయుధ సంస్థల ఆయుధాలను వాడుకలోంచి తీసేయడం) అన్న మాటకు తెలుగులో ‘నిరాయుధీకరణ’ చాలునన్న సూచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. (ఒప్పందం పేరు దగ్గరే తగాదా ఉంది: ఐర్లండ్‌తో కలవాలనే జాతీయవాదులు గుడ్ ఫ్రైడే అంటారు, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు బెల్‌ఫాస్ట్ అంటారు.) సాయుధ సంస్థల సంపూర్ణ నిరాయుధీకరణను లక్ష్యంగా చెప్పిన ఆ పత్రమే, రెండేళ్లలో జరగవలసిన పని దగ్గరకు వచ్చేసరికి డీకమిషనింగ్ అన్న వేరే మాట వాడింది. రెండింటినీ ఒకే మాటతో తెనిగిస్తే ఆ తేడా చెరిగిపోతుంది. పైగా ‘ఈకరణ’ చేరిన మాటలో ఒకరు మరొకరిని అలా మార్చారన్న ధ్వని వినిపిస్తుంది. ఐర్లండ్ ఏకీకరణ కోసం ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) ఒప్పుకోనిది సరిగ్గా ఆ ధ్వనినే. అందుకే 2000 మే ప్రకటనలో ఆయుధాలను ‘వాడుకకు అందకుండా’ చేస్తామంది.

‘అస్త్రసన్యాసం’ బాగుంటుందన్నవారికి ఒక మనవి. ద్రోణుడు కొడుకు చనిపోయాడని నమ్మి, మనసు విరిగి ఆయుధం వదిలాడు. ఆ మాట వెంట ఓటమి నీడ వస్తుంది. నాకు మొదట తోచింది ‘ఉపసంహారం’. సంధించిన అస్త్రాన్ని అర్జునుడు తానే వెనక్కు తీసుకోగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు; కనుక ఉపసంహరించడం లొంగుబాటు కాదు, సమర్థత. అయితే ఉపసంహరించిన అస్త్రం మళ్లీ సంధించడానికి ఉంటుంది, యూనియనిస్టుల భయమూ అదే. 2004లో యూనియనిస్టు నేత ఇయాన్ పెయిస్లీ, ఆయుధాలు పోయాయనడానికి రుజువుగా ఫొటోలు కావాలని పట్టుబట్టారు. అది తమను అవమానించడమేనని ఐఆర్ఏ నిరాకరించింది. చివరికి 2005 సెప్టెంబరులో, కెనడా జనరల్ జాన్ డి షాస్టెలెయిన్ నాయకత్వంలో డీకమిషనింగ్‌ను పర్యవేక్షించిన స్వతంత్ర కమిషన్ ఆ పని పూర్తయిందని ప్రకటించినప్పుడు, ఫొటోలకు బదులు ఒక కేథలిక్, ఒక మెథడిస్టు మతగురువు కళ్లారా చూసి సాక్ష్యం చెప్పారు.

అంచేత ఒప్పంద పాఠానికి నేను ‘ఆయుధాల తొలగింపు’ వాడతాను: ఎవరు తొలగించారో, ఎవరు ఓడారో అది చెప్పదు, ఆయుధాలు పోవాలని మాత్రం చెబుతుంది. ఐఆర్ఏ ప్రకటనకు ‘వాడుకకు అందకుండా చేయడం’ ఉండాలి. ‘అప్పగింత’ అన్నది దాన్ని కోరినవారి నోటి మాటగా వచ్చినచోట మాత్రమే రావాలి. అనువాదకుడి సొంత వాక్యంలోకి అది జొరబడితే, ఆనాటి పేచీలో మనం ఒక పక్షం వహించినట్టే అవుతుంది.