కుక్కల రబ్బరు బొమ్మల్లో ఇంట్లో చేసిన ముద్ద కూరాలా, రోజూ తినే కిబులే చాలా?

తోకఊపు:
కాంగ్ లాంటి లోపల బోలుగా ఉండే బొమ్మల్లో, లిక్ మ్యాట్ల (కుక్క నాకడానికి తిండి రాసే రబ్బరు పలకల) మీద ఏం పెట్టాలని ఎవరిని అడిగినా రెండే జవాబులు వస్తున్నాయి. కొందరు పీనట్ బటర్, చీజ్, అరటిపండు, పెరుగు కలిపి ఇంట్లోనే చేసుకోమంటున్నారు. ఇంకొందరు అదంతా వద్దు, కుక్క రోజూ తినే కిబులే, అంటే ప్యాకెట్లో వచ్చే ఎండు గింజల తిండే, పోయండి చాలు అంటున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో చేసిందే మంచిది, కానీ ఇప్పుడు ఎక్కువమంది చేస్తున్న తీరులో కాదు. "మన చేత్తో చేశాం కదా, ఆరోగ్యకరమే" అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

ఒక్కసారి లెక్క చూడండి. కుక్క విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు ఎన్ని కేలరీలు కావాలో పశువైద్యులు బరువును బట్టి లెక్కగడతారు, దాని ప్రకారం 10 కిలోల కుక్కకు దాదాపు 394 వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్క అయితే దాన్ని 1.6తో హెచ్చిస్తారు, అంటే సుమారు 630. అసలు భోజనం కాక పైన పెట్టే చిరుతిండి అంతా కలిపి ఇందులో 10 శాతం దాటకూడదన్నది అందరూ చెప్పే నియమం. అంటే 63. ఒక పెద్ద చెంచా పీనట్ బటర్లోనే 95 దాకా ఉంటాయి! వీడియోల్లో బొమ్మ నిండా అదే కూరుతుంటే చూడలేకపోతున్నాను.

నా పద్ధతి ఏమిటంటే, ముద్దలో ఎక్కువ భాగం కుక్క రోజూ తినే తిండే ఉండాలి, అది కూడా గిన్నెలోంచి తీసిందే. దానికి ఉప్పు, నూనె లేకుండా ఉడికించిన గుమ్మడికాయ లాంటి నీళ్లెక్కువ ఉండే కూరగాయ. రుచి కోసం వేసేది గోరంతే. కాదనే వాళ్లు కారణంతో చెప్పండి.

కిబుల్‌చాలు:
నేను కాదంటాను. ప్యాకెట్ మీద సంపూర్ణ సమతులాహారం అని రాసి ఉందంటే కాల్షియం, భాస్వరం నిష్పత్తి దగ్గర్నుంచి విటమిన్ల దాకా ఒక లెక్క ప్రకారం చేసినట్టు. మనం గుమ్మడికాయ, పెరుగు, అరటిపండు పిసికి కలిపితే దానికి ఏ లెక్క ఉంది? 2013లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు కుక్కలకు ఇంట్లో వండే 200 వంటకాల్ని పరిశీలిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక ముఖ్యమైన పోషకమైనా తక్కువగా ఉందని తేలింది. పశువైద్యులు రాసిన వంటకాలు కూడా వాటిలో ఉన్నాయి. వాళ్లకే అంత కష్టమైతే మనం ఎంత? పొడి కిబుల్ పోసి ఇవ్వండి, కుక్క దొర్లించుకుంటూ తింటుంది, కడగడం కూడా తేలిక.

తోకఊపు:
ఆ పరిశోధన నాకూ తెలుసండీ. అది జీవితమంతా ఇంటి వంట మీదే బతికే కుక్కల భోజనం గురించి. కిబుల్‌తో పాటు ముద్దలో కలిపేవి రోజు మొత్తం తిండిలో పదో వంతు కూడా దాటవు, వాటికి దాన్ని వర్తింపజేస్తే ఎలా? ఆ పదో వంతులో జింకు తక్కువైనా మిగతా తొమ్మిది వంతులు చూసుకుంటాయి. ఆ 10 శాతం నియమం పెట్టిందే అందుకు. ముద్దే భోజనం అయిపోతే మాత్రం మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, అక్కడ మీతో గొడవ లేదు.

వాసనపట్టు:
మీరిద్దరూ కేలరీల దగ్గరే ఆగిపోయారు, కుక్క వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు. బొమ్మ ఇచ్చేది దానికి కాసేపు పని ఉండాలని, మనం బయటికెళ్తే టెన్షన్ పడకుండా నాకుతూ కూర్చోవాలని. పొడి కిబుల్ పోస్తే రెండు నిమిషాల్లో దొర్లించి ఖాళీ చేసి తలుపు దగ్గరకెళ్లి మళ్లీ ఏడుపు మొదలుపెడుతుంది. నాకుతూ ఉండటం కుక్కల్ని నెమ్మదింపజేస్తుంది, నాకాలంటే ఏదో ఒకటి అంటుకుని ఉండాలి. పైగా కష్టపడి తీసుకున్నాక దొరికేది గిన్నెలో ఉన్నదే అయితే అదెందుకు కష్టపడాలి? నేనైతే చీజ్, చికెన్, పెరుగు అన్నీ పెడతాను, అదొక్కటే దానికి రోజులో పండగ.

కిబుల్‌చాలు:
"ఎందుకు కష్టపడాలి" అన్నదానికి ఒక మాట. 1963లో గ్లెన్ జెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, పక్కనే గిన్నెలో అదే తిండి ఊరికే దొరుకుతున్నా చాలా ఎలుకలు మీట నొక్కి మరీ తినడానికి మొగ్గు చూపాయి. ఆ తర్వాత ఇంకా చాలా జంతువుల్లో ఇది కనిపించింది. పని చేయడమే వాటికి కొంత ఇష్టం. కాబట్టి లోపల చీజ్ ఉంటేనే ఆడుతుంది అనుకోనక్కర్లేదు.

వాసనపట్టు:
ఎలుకలు ఎలుకలేనండీ. కడుపు నిండిన కుక్క గడ్డకట్టిన కిబుల్ ముద్దను ఒకసారి వాసన చూసి వదిలేయడం ఈ వేదికలో చాలామంది చూసే ఉంటారు.

తోకఊపు:
అలా వదిలేస్తే తప్పు రుచిది కాదు, వరుసది. మొదటిసారే గట్టిగా కూరి, ఫ్రీజర్లో రాయిలా చేసి ఇస్తే ఏ కుక్కయినా విసుగెత్తి వదిలేస్తుంది. మొదట్లో వదులుగా పోసి, తేలిగ్గా రాలేలా ఇవ్వాలి. దానికి కిటుకు తెలిశాక నానబెట్టిన మెత్తని ముద్ద, ఆ తర్వాత కాస్త నొక్కి కూరడం, ఫ్రీజర్ అన్నిటికంటే చివర. ఇంకో చిన్న ఉపాయం ఉంది. బాగా ఇష్టమైనది, చికెన్ పలుకో ఏదో, బొమ్మ అడుగున వేయండి, అదే కొంచెం బొమ్మ మూతి దగ్గర రాయండి. మూతి దగ్గరిది మొదలుపెట్టిస్తుంది, అడుగునది చివరిదాకా లాక్కెళ్తుంది. మధ్యలో అంతా కిబులే ఉన్నా పట్టించుకోదు. వాసనపట్టు గారూ, మీరు చెప్పిన పండగ అంతా అలా ఒక చెంచాలో సరిపోతుంది.

కొవ్వు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కొవ్వు ఎక్కువున్న తిండి ఒక్కసారిగా పడితే కొన్ని కుక్కలకు క్లోమం వాచి వాంతులు, కడుపునొప్పితో ఆసుపత్రి పాలవుతాయి. మినియేచర్ ష్నాజర్ లాంటి జాతుల రక్తంలో కొవ్వు ముందే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. బొమ్మ నిండా చీజ్ పెట్టేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

నల్లముక్కు:
రుచి, కేలరీల గొడవ తర్వాత. పీనట్ బటర్ అని రాసే ప్రతిసారీ "జైలిటాల్ లేనిది" అని కూడా రాయండి దయచేసి. చక్కెరకు బదులు వాడే ఆ పదార్థాన్ని కొన్ని డబ్బాల మీద బర్చ్ షుగర్ అని కూడా వేస్తారు. కుక్క శరీరం దానికి ఒక్కసారిగా ఇన్సులిన్ విడుదల చేస్తుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఇదంతా గంటలోపే జరిగిపోవచ్చు. కిలో బరువుకు 0.1 గ్రాము కూడా ప్రమాదమే, 0.5 గ్రాము దాటితే కాలేయం దెబ్బతినవచ్చు. పెరుగు కూడా "చక్కెర లేనిది" అని ఉంటే లేబుల్ మొత్తం చదివాకే వాడండి. తిన్నదని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి.

ద్రాక్ష, కిస్‌మిస్ పండ్లే కదా అని వేసేవాళ్లున్నారు. వద్దు. ఎంత తింటే కిడ్నీలు పోతాయో ముందుగా చెప్పలేం, ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, ఉడికించినా, పొడి అయినా ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఇంట్లో మనం తినే సూప్ మిగిలితే బొమ్మలో పోయడం కూడా ఇందుకే తప్పు, అందులో ఉల్లి లేకుండా ఉండదు, ఉప్పు కూడా.

పెరటిపిల్ల:
మా దానికి అలర్జీ. డాక్టర్ ఎనిమిది వారాలు ఒకే ప్రత్యేక ఆహారం పెట్టి చూడమన్నారు, ఇంకేమీ ఇవ్వొద్దన్నారు. బొమ్మలో కొంచెం పెరుగు రాస్తే ఏమవుతుంది? అంత కొంచెమే కదా?

నల్లముక్కు:
వద్దండీ, ఆ కొంచెంతోనే పరీక్షంతా పాడవుతుంది. కుక్కల్లో తిండి అలర్జీలు తెచ్చేవాటిలో గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్ ముందుంటాయి. పరీక్ష మధ్యలో పెరుగు తగిలితే దురద తగ్గకపోవడానికి కారణం ఆహారమా పెరుగా అన్నది మీకూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. ఆ ప్రత్యేక ఆహారాన్నే నీళ్లలో నానబెట్టి, మెదిపి, బొమ్మలో పెట్టి ఫ్రీజ్ చేయండి. అవే గింజలైనా చల్లని ముద్దగా మారేసరికి చాలా కుక్కలు కొత్తదే అన్నట్టు తింటాయి.

కిబుల్‌చాలు:
ఇదే నేను మొదట్నుంచీ చెబుతున్నది. అలర్జీ కుక్కకు పనికొచ్చిన పద్ధతి మామూలు కుక్కకు ఎందుకు పనికిరాదు? కిబుల్ నానబెట్టండి, ఫ్రీజ్ చేయండి, అయిపోయింది. ఈ గుమ్మడికాయలు, చిలగడదుంపలు మన సంతృప్తి కోసం వేస్తున్నవే.

తోకఊపు:
అంతా మన సంతృప్తి కోసమే అంటే నేను ఒప్పుకోను. ఉడికించిన గుమ్మడికాయ 100 గ్రాములకు సుమారు 20 కేలరీలే, కిబుల్ అయితే చాలా రకాల్లో 350 పైనే. బరువు తగ్గాల్సిన కుక్కకు బొమ్మ నిండుగా కనిపించాలి, ఎక్కువసేపు నాకాలి, కానీ కేలరీలు తక్కువుండాలి. అది కిబుల్ ఒక్కదానితో కుదరదు, నీళ్లున్న కూరగాయ కలిపితేనే కుదురుతుంది. చిలగడదుంపను దానితో ఒకే గాటన కట్టకండి, అందులో పిండి పదార్థం బాగా ఎక్కువ, గుమ్మడికాయ కంటే నాలుగింతలు దాకా కేలరీలు. మూత్రంలో ఆక్సలేటు రాళ్లు వచ్చే కుక్కలకు చిలగడదుంప, పాలకూర వద్దనే అంటారు. షుగర్ ఉన్న కుక్కకు అరటిపండు కూడా డాక్టర్‌ని అడిగాకే.

పాతబంతి:
చరిత్ర తెలిసినవాళ్లు ఒకటి గుర్తుచేసుకోవాలి. 1970లలో జో మార్కమ్ అనే ఆయన తన జర్మన్ షెపర్డ్ ఫ్రిట్జ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటుంటే, ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ సస్పెన్షన్లోని రబ్బరు ముక్క దానికి దొరికి, దాన్ని ఇష్టంగా కొరకడం చూసి కాంగ్ తయారుచేశాడు. అది మొదలైంది కొరకడం కోసం, లోపల తిండి సంగతి తర్వాత. అందుకే రోజూ తిండి పెట్టే ఇవ్వాలనే నియమం లేదు. ఖాళీ బొమ్మతో కూడా ఆడుకోనివ్వండి.

ఇంకో విషయం ఎవరూ రాయలేదు. తిండి కూరే బొమ్మకు రెండు వైపులా రంధ్రం ఉండాలి. ఒకే రంధ్రం ఉన్న బంతిలో కుక్క నాలుక దూర్చి నాకితే లోపల గాలి పీల్చుకుపోయి నాలుక ఇరుక్కుని, వాచి, కోసేయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. ఏం నింపాలో గంటలు వాదించుకుంటూ దేంట్లో నింపుతున్నామో చూడకపోతే ఏం లాభం?

వాసనపట్టు:
ఈ రంధ్రం సంగతి నేను వినలేదు. ఇప్పుడే మా దగ్గరున్నవన్నీ బయటికి తీసి చూశాను, ఒక బంతి పక్కన పెట్టేశాను. థాంక్సండీ.

రుచి విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. బాణసంచా రోజున, డాక్టర్ దగ్గర, ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు నాకు ఆ 10 శాతం కంటే కుక్క భయం తగ్గడం ముఖ్యం. ఆ రోజు చీజ్ పెడతాను, మర్నాడు గిన్నెలో తగ్గిస్తాను.

తోకఊపు:
అలాంటి రోజుకు నేనూ సరే అంటాను, చీజ్ పరిమాణం చూసుకుంటే చాలు. నా గొడవంతా ప్రతిరోజూ చేసేవాళ్లతోనే. రోజూ అయితే ఇంకో జాగ్రత్త కూడా కావాలి. తడి ముద్ద ఫ్రీజర్ బయట, మామూలు గది వేడిలో రెండు గంటలు దాటి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి, కుక్క వదిలేసిన సగం ముద్దను సాయంత్రం మళ్లీ ఇవ్వకండి. చేసిపెట్టుకున్నది ఫ్రిజ్‌లో మూడు రోజులు, అంతకుమించి అయితే ఫ్రీజర్. బొమ్మ లోపలి మూలల్లో జిడ్డు పేరుకుపోతుంది, సీసాలు కడిగే బ్రష్ ఉంటే తప్ప అది పోదు. రెండో కుక్క ఉన్న ఇంట్లో వేర్వేరు గదుల్లో ఇవ్వండి. మామూలుగా స్నేహంగా ఉండేవి కూడా ఇలాంటి తిండి దగ్గర ఒకదాని మీద ఒకటి పడతాయి.

చిన్నపాదం:
అన్నీ చదివాను, బుర్ర వేడెక్కింది. మాది 5 కిలోలు, ఆపరేషన్ అయింది, రోజుకు ఒక బొమ్మ. ఏం పెట్టాలో సూటిగా చెప్పండి.

తోకఊపు:
5 కిలోలకు రోజుకు సుమారు 375 కేలరీలు, అందులో పైతిండికి 37. ఒక చిన్న చెంచా పీనట్ బటరే 30 దాటుతుంది, కాబట్టి మీకు అది వేలితో లోపల రాయడం వరకే. మీ కిబుల్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు ఎన్ని కేలరీలో చూడండి. 360 అనుకుందాం. 25 గ్రాములు తీసుకుంటే 90. అవి గిన్నెలోంచి తీసినవే కాబట్టి పైతిండి లెక్కలోకి రావు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉబ్బాక ఫోర్కుతో మెదపండి. రెండు పెద్ద చెంచాల ఉడికించిన గుమ్మడికాయ కలపండి, అంటే 6 కేలరీలు. పాలు పడే కుక్క అయితే ఏమీ కలపని మామూలు పెరుగు ఒక చిన్న చెంచా, ఇంకో 3. మీ 37లో పది కూడా ఖర్చు కాలేదు. మొదటి వారం ఫ్రీజర్ వద్దు, వదులుగా పెట్టి ఇవ్వండి, విరేచనం మెత్తబడుతుందేమో చూడండి. బాగుంటే ఫ్రీజ్ చేయండి.

కిబుల్‌చాలు:
ఇందులో గుమ్మడికాయ తీసేస్తే నేను చెప్పిందే. చిన్నపాదం గారూ, మొదటి వారం కిబుల్ ఒక్కటే నానబెట్టి ఇచ్చి చూడండి. అది తింటుంటే మిగతావి కలపాల్సిన అవసరమే రాకపోవచ్చు. మలబద్ధకం ఉంటేనో, బరువు తగ్గాలంటేనో అప్పుడు గుమ్మడికాయ వేయండి.

చిన్నపాదం:
బరువు కొంచెం ఎక్కువే ఉందన్నారు డాక్టర్.

కిబుల్‌చాలు:
అయితే వేయండి. గిన్నెలోంచి ఆ 25 గ్రాములు తీయడం మాత్రం మర్చిపోకండి, ఎక్కువమంది తప్పేది అక్కడే.