తెలుగు ఫైల్లో వెతకడానికి ఆపరేటర్లు (కొటేషన్లు, * లాంటి వెతుకులాట గుర్తులు) పనికొస్తాయా? చదువుకోవాల్సిందేనా?

అచ్చుతప్పు:
1951లో పోచంపల్లిలో మొదలైన భూదానం మీద వ్యాసం రాస్తున్నాను. నా దగ్గర నాలుగొందల పేజీల వర్డ్ ఫైలుంది. కొటేషన్లు పెట్టి "భూదాన ఉద్యమం" అని వెతికితే సున్నా. ఆ మాట అందులో ఉందని నాకు తెలుసు, కళ్లారా చూశాను! ఈ ఆపరేటర్లన్నీ ఇంగ్లీషుకే అనిపిస్తోంది. మీరేమంటారు?

గోదారిగట్టు:
కొటేషన్లు గూగుల్ అలవాటండీ. వర్డ్ ఫైండ్‌లో పెడితే అది కొటేషన్లతో సహా వెతుకుతుంది. తీసేసి చూడండి.

అచ్చుతప్పు:
తీశాను. రెండే వచ్చాయి.

గోదారిగట్టు:
మీ రచయిత సంధి చేసి "భూదానోద్యమం" అని రాసుంటాడు. అక్కడ "ఉద్యమం" అన్న అక్షరాలే లేవు, ఇక దొరికేదెలా? "భూదా" అని కొట్టండి. భూదానం, భూదాన్, భూదానోద్యమం అన్నీ పడతాయి. "పుస్తకం" అని వెతికితే పుస్తకాలు దొరకవు, "పుస్త" అంటే దొరుకుతాయి. తెలుగులో మాట తోక కోసి వెతకాలి.

పాతకాపు:
తోక కోస్తే ముంచుకొచ్చే చెత్త సంగతో? నేను ఓసారి "రామ" అని కొట్టాను. రామారావు, రామాపురం, గ్రామం, ఆరామం... సాయంత్రందాకా అదే పని. అంతకంటే చదువుకుంటూ పోతే నయం. మీరు వెతకని విషయం కూడా కంటపడుతుంది.

గోదారిగట్టు:
నాలుగొందల పేజీలు చదివే తీరిక మీకుందేమో సార్. "రామ" లాంటి చిన్న మాటకు పక్కన ఇంకో మాట చేర్చాలి. వర్డ్‌ ఫైండ్‌లో వైల్డ్‌కార్డ్స్ టిక్ పెట్టి (అప్పుడు * అంటే మధ్యలో ఏమున్నా సరే అని) "వినోబా*భూదా" అని ఇస్తే, వినోబా దగ్గర మొదలై భూదానందాకా ఉన్న ముక్క పట్టుకుంటుంది.

పాతకాపు:
సరే, ఒప్పుకుంటా. మరి అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లో? తెరమీద తెలుగే, లోపల ఇంగ్లీషు గుర్తులు. మీ తోక సిద్ధాంతం అక్కడ నడవదు.

గోదారిగట్టు:
నడవదు. యూనికోడ్‌లోకి, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలోకి మార్చాకే. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ముందు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్టుగా మార్చడం), ఆ తర్వాతే వెతుకులాట. ఓసీఆర్ ఒత్తుల్ని అటూఇటూ చేస్తుంది కాబట్టి అక్కడ మాత్రం మీరు చెప్పిందే, కళ్లే దిక్కు.

అచ్చుతప్పు:
"భూదా"తో 61 వచ్చాయి. కానీ వాటిలో రెండు "భూదారి" 🙂