ఊరి యక్షగానానికి వికలాంగులు కూడా వచ్చి చూడగలగాలంటే ఏర్పాట్లు ఎలా చేయాలి?

ప్రశ్న (మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్కారం. వచ్చే మాఘమాసంలో మా ఊరి గుడి ముందున్న ఖాళీ స్థలంలో రెండు రాత్రులు ప్రహ్లాద చరిత్ర యక్షగానం ఆడించాలని ఊరి పెద్దలు నిర్ణయించి, ఏర్పాట్ల బాధ్యతను నాకూ మరో నలుగురికీ అప్పగించారు. కిందటి ఏడాది ఇదే స్థలంలో ఆట జరిగినప్పుడు మా పెద్దనాన్న సగంలోనే లేచి ఇంటికి వెళ్లిపోయారు. మా ప్రాంతంలో ఆయన ఈడువారిలో చాలామందికి ఉన్నట్టే ఆయనకూ ఫ్లోరోసిస్ ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు అంతకు మించి ఉన్న బోరు నీళ్లను దశాబ్దాల పాటు తాగినందువల్ల ఆయన వెన్నెముక బిగుసుకుపోయింది. మోకాళ్లు ముడుచుకోలేరు, పక్కకు చూడాలంటే మెడ తిరగదు కాబట్టి ఒళ్లంతా తిప్పవలసి వస్తుంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ ముప్పు తగ్గింది గాని, ఒకసారి వంగిన ఎముకలు మళ్లీ నిటారుగా కావు. జంపఖానా మీద కూర్చోలేక ఆయన ఇంటి నుంచి నులక మంచం తెప్పించుకుంటే, వెనుకవారికి అడ్డమవుతున్నదని దాన్ని చివరికి జరిపించారు. అక్కడి నుంచి ఆయనకు వేషాలేవీ కనిపించలేదు. ఆ రాత్రి జరిపించిన వారిలో నేనూ ఉన్నాను.

మా ఊళ్లో చక్రాల కుర్చీ వాడేవారు ఇద్దరు, పుట్టుకతోనే చూపు లేని ఒక అక్క, మాట వినికిడి లేని అన్నదమ్ములు ఇద్దరు ఉన్నారు. వీరెవరూ ఇంతవరకు ఆటకు రాలేదు. రమ్మని మేమూ ప్రత్యేకంగా పిలవలేదు. రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారుజామున ముగిసే ఆటకు, పక్కా భవనం లేని ఆరుబయట, తక్కువ ఖర్చుతో ఏమేమి చేయవచ్చునో అనుభవమున్నవారు చెప్పగోరుతున్నాను.

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి, చక్రాల కుర్చీ వాడేవాడిని)

మీరు అడిగిన తీరు చూసి సంతోషం కలిగింది. చాలాచోట్ల నిర్వాహకులు ముందు వరుసలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వికలాంగులకు ఏర్పాటు చేశామంటారు. నాకు కావలసింది కుర్చీ కాదు, నా కుర్చీని నిలుపుకొనే స్థలం. ఒక్కో చక్రాల కుర్చీకి సుమారు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు చోటు, పక్కనే తోడు వచ్చినవారు కూర్చునే చోటు వదలాలి.

అన్నిటికంటే ముందు దారి సంగతి చూడండి. మీ స్థలం చెలక నేల అయితే దుమ్ము మీద చక్రాలు కూరుకుపోతాయి. రేగడి అయితే చిన్న జల్లు పడినా కదలవు. ఆటోలు ఆగే చోటి నుంచి కూర్చునే చోటి దాకా నాలుగడుగుల వెడల్పున మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మెసతో గట్టిపరిస్తే సరిపోతుంది. అది కుదరకపోతే దళసరి ప్లైవుడ్ పలకలు పరవవచ్చు. మైకు సెట్టువాళ్లు లాగే కరెంటు తీగలు ఆ దారికి అడ్డంగా పడకుండా చూడండి, లేదా నేలలో చిన్న కాలువ తీసి పూడ్చి వేయించండి. తీగలు తట్టుకునేది మేమొక్కరమే కాదు, చూపు లేనివారూ వృద్ధులూ కూడా పడిపోతారు.

చూపు ఆనడం మరో సమస్య. నరసింహస్వామి వేషం వచ్చినప్పుడు జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడతారు, అప్పుడు నాకు వీపులు తప్ప ఏమీ కనిపించవు. అందువల్ల వేదికకు ఒక పక్కన, సౌండు బాక్సులకు ఎదురుగా కాకుండా, అడుగు ఎత్తు అరుగు వేసి దాని ముందు ఎవరూ నిలబడకుండా తాళ్లు కట్టండి. ఆ అరుగుకు ర్యాంపు కట్టేటప్పుడు 1:12 లెక్క తప్పకూడదు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. టెంటు హౌసువారు ఆరడుగుల పలక ఒకటి ఆనించి ర్యాంపు అంటారు. దాని మీద ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మీ పెద్దనాన్నగారి మంచానికి కూడా ఈ అరుగు పక్కనే చోటు ఇవ్వవచ్చు.

మరుగుదొడ్డి గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. రాత్రంతా జరిగే ఆటకు వెళ్లవలసి వస్తే నేను మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తాను. ఆడవాళ్లయితే అసలు రావడమే మానుకుంటారు. గుడి దగ్గరలో మెట్లు లేని, కుర్చీ లోపలికి పట్టే తలుపున్న మరుగుదొడ్డి ఎవరింట్లో ఉన్నా, ఆ రెండు రాత్రులకు వారిని అడిగి పెట్టుకోండి. అక్కడి దాకా దీపాలు పెట్టించండి.

ఇదంతా దయతో చేసే పని కాదన్నది ఊరి పెద్దలకు చెప్పవలసి వస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 29వ సెక్షను కళలను వికలాంగులకు అందుబాటులోకి తేవాలని స్పష్టంగా చెబుతున్నదని వారికి చూపించండి.

జవాబు 2 (నల్లగొండ నుంచి, చూపు లేని శ్రోత)

నేను చిన్నప్పటి నుంచి భాగవతుల ఆటలు వింటున్నాను. పాతకాలపు ఆటలో నాకు ఎవరి సాయమూ అవసరమయ్యేది కాదంటే మీరు నమ్మకపోవచ్చు. తెర వెనుక నుంచి పాత్ర వచ్చేటప్పుడు ప్రవేశ దరువు పాడేవారు. ఆ దరువులోనే వచ్చినది ఎవరో, ఎలాంటి కిరీటం పెట్టుకుని ఎంత కోపంతో వస్తున్నాడో తెలిసిపోయేది. ఆపైన సూత్రధారి ఎదురుపడి, ‘తమరెవరు, ఏ దేశం నుంచి వచ్చారు’ అని అడిగితే పాత్రే తన గురించి చెప్పుకునేది. నా వంటివారికి కావలసిన వర్ణన ఆ కళలోనే ఉంది. ఇప్పుడు ఆట తొందరగా ముగించాలని ముందుగా కోసేస్తున్నది ఆ భాగాన్నే. మీరు మేళంవారిని ఒక్క మాట అడగదలిస్తే, ప్రవేశ దరువులు తగ్గించవద్దని అడగండి.

పాట లేని ఘట్టాల్లోనే ఇబ్బంది కలుగుతుంది. హిరణ్యకశిపుడు గద ఎత్తి స్తంభాన్ని కొట్టేటప్పుడు మద్దెల మోత, జనం కేకలు తప్ప నాకు మరేమీ తెలియదు. ఆ సమయంలో పక్కన కూర్చుని, పాట మీద మాట పడకుండా సందు చూసుకుని, రెండు మూడు మాటల్లో చెప్పేవారు ఒకరుండాలి. ‘భలే ఉంది’ అంటే నాకు ఉపయోగం లేదు. ‘స్తంభం రెండుగా చీలింది, లోపల ఎర్రటి వెలుగు, ఇంకా ఎవరూ బయటికి రాలేదు’ అని చెప్పాలి. ఇద్దరు ముగ్గురు చూపు లేనివారిని ఒకచోట కూర్చోబెడితే ఒక్కరు చెబితే చాలు. ఆ చెప్పేవారు కనీసం ఒక్కసారైనా ఆటను ముందుగా చూసి ఉండాలి.

ఇంకొక సంగతి చూపున్నవారికి తట్టదు. అందరి గొంతులూ అవే రెండు బాక్సుల నుంచి వస్తే, ఎవరు ఎటు నడుస్తున్నారో, ఎవరు ఎవరికి ఎదురుగా ఉన్నారో చెవికి అందదు. వేదికకు దగ్గరగా, నటుల అసలు గొంతు వినిపించే చోట కూర్చోబెడితే గజ్జెల చప్పుడును బట్టి అడుగులు కూడా తెలుస్తాయి.

సాయంత్రం వేషాలు కట్టక ముందు కిరీటాన్ని, భుజకీర్తులను, గదను చేతితో తడిమి చూడనిస్తే మీ అక్కగారు రాత్రంతా వాటిని మనసులో పెట్టుకుని వింటారు. నాకు ఆ అవకాశం ఒక్కసారే దొరికింది. కిరీటం అంత తేలికగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

జవాబు 3 (మహబూబ్‌నగర్ జిల్లా, బధిర విద్యార్థులకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని)

ఆ అన్నదమ్ములు బడికి వెళ్లారా, సంజ్ఞా భాష నేర్చుకున్నారా అన్నది ముందుగా కనుక్కోండి. ఈ విషయం తెలియకుండా అనువాదకులను పిలిపిస్తే ఖర్చు వృథా కావచ్చు. భారతీయ సంజ్ఞా భాష కోసం 2015లో ఢిల్లీలో జాతీయ సంస్థ ఏర్పడినా, పల్లెల్లో బడి ముఖం చూడని బధిరులు ఇంట్లో పుట్టిన సైగలతోనే మాట్లాడుకుంటారు. అలాంటివారికి తల్లో చెల్లెలో పక్కన కూర్చుని చెప్పినంతగా బయటి అనువాదకులు చెప్పలేరు. తెలుగు చదవడం కూడా రాకపోతే తెర మీద అక్షరాలు వేసినా ప్రయోజనం ఉండదు. కథలోని ముఖ్య ఘట్టాలను ఏడెనిమిది బొమ్మలుగా వేయించి రెండు రోజుల ముందే ఇంటికి ఇచ్చి, ఇంటివారి చేత కథ చెప్పించండి.

వారికి సంజ్ఞా భాష వస్తే మాత్రం అనువాదకులు ఇద్దరు ఉండాలి. అరగంటకు మించి ఒక్కరే చేస్తే చేతులూ మనసూ అలసి, అర్థం జారిపోతుంది. పద్యాలను మాటకు మాటగా సైగల్లోకి తేలేరు కాబట్టి, కథ, పాటల భావం వారికి కనీసం వారం ముందే అందాలి. ఒంటి రంగుకు తేడాగా కనిపించే, గీతలు లేని దుస్తులు వేసుకుని, తమ మీద విడిగా దీపం పడేటట్టు వారు వేదిక పైనే నిలబడితే, చూసేవారికి వేషమూ సైగలూ ఒకే చూపులో అందుతాయి. కరెంటు పోతే మైకుకు బ్యాటరీ పెడతారు గాని ఈ దీపానికి పెట్టడం మరచిపోతారు. చీకట్లో సైగలు ఉండవని గుర్తుంచుకోండి.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారిని బాక్సుల దగ్గర కూర్చోబెట్టకండి. మోత ఎక్కువైనకొద్దీ వారికి మాట చెదిరిపోతుంది.

జవాబు 4 (వనపర్తి వైపు నుంచి, యక్షగాన మేళం నడిపేవాడిని)

ప్రవేశ దరువుల గురించి రాసిన అయ్యగారికి దండాలు. వాటిని కోయాలని మాకు ఉండదు. మూడు గంటల్లో ముగించమని అడిగేది ఆడించేవారే. రాత్రంతా ఆడమంటే సంతోషంగా ఆడతాము, ప్రతి పాత్రా తన పేరూ ఊరూ చెప్పుకునే వస్తుంది.

ఉపాధ్యాయురాలు అమ్మగారు చెప్పినదానిలో ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేను. సైగలు చేసేవారు వేదిక పైనే నిలబడితే మాకు అడుగు వేసే చోటు మిగలదు. భుజకీర్తులు కట్టుకుని గిరుక్కున తిరిగినప్పుడు వారికి తగులుతాయి. వంతపాట వారు కూర్చునే వైపుకు ఎదుటి వైపున, వేదికను ఆనుకుని అంతే ఎత్తున చిన్న బల్ల వేయించండి. అప్పుడు వారి పనీ సాగుతుంది, మా ఆటా సాగుతుంది.

ఆభరణాలు తడిమి చూస్తామంటే సాయంత్రం ఆరు లోపు తీసుకురండి, నేనే దగ్గరుండి ఒక్కొక్కటీ చేతికిస్తాను. ముఖానికి అర్దళం పూసుకున్నాక మాత్రం ముఖాన్ని తాకనివ్వలేము, రంగు చెదిరితే మళ్లీ దిద్దుకోవడానికి చాలా సేపు పడుతుంది. స్తంభం చీలేటప్పుడు టపాకాయ పేల్చడం మాకు అలవాటు. మూర్ఛ వచ్చేవారు, పెద్ద చప్పుడుకు బెదిరిపోయే పిల్లలు ఉంటే ముందే చెప్పండి. టపాకాయ మానేసి మద్దెలతోనే సరిపెడతాము, దీపాలు కూడా మిలమిలలాడించము.

అడిగినవారి సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అయిదు ఇళ్లకూ స్వయంగా వెళ్లి వచ్చాము. అన్నదమ్ములు బడికి వెళ్లలేదు, కాబట్టి బొమ్మల పనిని హైస్కూలు డ్రాయింగు మాస్టరుగారికి అప్పగించాము. ఆట రాత్రి వారి చెల్లెలు పక్కన కూర్చుంటానన్నది. చూపు లేని అక్కకు కిరీటం సంగతి చెప్పగానే, సాయంత్రం ఎన్ని గంటలకు రావాలని రెండుసార్లు అడిగింది. గుడి వెనుక ఇంటివారు తమ మరుగుదొడ్డి వాడుకోనిస్తామన్నారు, గడప దగ్గర ఉన్న ఒక్క మెట్టుకు మేము మొరంతో వాలు కట్టాలి. అరుగు, ర్యాంపు కలిపి టెంటు హౌసువారు చెప్పిన ధర మాకు మించినందున, ఊరి వడ్రంగి పలకలతో చేస్తానని ముందుకు వచ్చారు. పన్నెండడుగుల లెక్క ఆయనకు రాసిచ్చాము.

పెద్దనాన్న కుర్చీ వద్దన్నారు, మంచమే కావాలన్నారు. తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి, మంచాన్ని వేదికకు సూటిగా వేస్తే మెడ తిప్పకుండానే అంతా కనిపిస్తుందని చెప్పారు. ఈ రోజు మధ్యాహ్నం వేపచెట్టు దగ్గర మంచం వేసి, ఆయనను పడుకోబెట్టి, వేదిక వచ్చే చోట ఒకరిని నిలబెట్టి చూశాము. మనిషి కనిపిస్తున్నాడు గాని పాదాలు కనిపించడం లేదన్నారు. ఇంకో ఇటుక ఎత్తు పెంచాము.