పర్‌కోట్ పక్కన అమ్మ ఇల్లు: ఘర్‌కుల్‌కి దారి ఉందా?

అడిగినవారు: పఠాన్‌పురా_అబ్బాయి

మాది చంద్రపూర్, పఠాన్‌పురా గేటు లోపల. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. గోండు రాజులు కట్టిన కోట గోడను ఇక్కడ అందరం పర్‌కోట్ అంటాం. దానికీ మా ఇంటి వెనక గోడకూ మధ్య నలభై అడుగులేస్తే చాలు. మట్టి గోడలు, పైన పెంకులు. పోయిన వానాకాలంలో వంటగది గోడ నాని కూలిపోయింది. అప్పటి నుంచి అమ్మ పొయ్యి, మంచం, దేవుడి పటాలు అన్నీ ముందు గదిలోనే.

ఘర్‌కుల్‌కి, అంటే పేదలు ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చే పథకానికి, దరఖాస్తు పెట్టాం. సొంత జాగాలో కట్టుకుంటే కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం 1 లక్ష ఇస్తాయి కదా, దానికి. కాగితాలన్నీ ఇచ్చాక ఆఫీసులో "కోట గోడకు 100 మీటర్ల లోపల ఉంది, కుదరదు" అన్నారు. బయటికి రాగానే ఒకతను పట్టుకుని "రాత్రిపూట లేపేద్దాం, స్లాబ్ పడ్డాక ఎవరూ ముట్టుకోరు" అన్నాడు. నాకు మనసు ఒప్పలేదు.

నాకు పర్‌కోట్ మీద కోపం లేదు. 2017లో ఎకో-ప్రో అనే ఇక్కడి స్వచ్ఛంద సంస్థ వాళ్లు బురుజులు శుభ్రం చేస్తుంటే నేనూ నాలుగు ఆదివారాలు వెళ్లి రాళ్ల సందుల్లో వేర్లు పీకాను. జట్‌పురా గేటు మీద ఏనుగును అణచిన సింహాన్ని నా కొడుక్కి నేనే చూపించాను. ఆ గోడ ఉండాలి. అమ్మ కూడా అక్కడే ఉండాలి. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, ఇప్పటికీ గోల్ బజార్‌కి నడిచి వెళ్లి కొత్తిమీర, మిరపకాయలు అమ్ముతుంది. ఊరి బయట ఫ్లాట్ ఇస్తే ఆ గంప ఎవరు మోస్తారు? ఎవరికైనా దారి దొరికిందా?

రాజురా_డ్రాఫ్ట్స్‌మన్

తమ్ముడూ, ముందు టేప్ పెట్టి కొలిపించు. 100 మీటర్లు లెక్కపెట్టేది గేటు నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తీసుకుని కొత్తగా కూడా కట్టుకోవచ్చు. మీరు నలభై అడుగులు అంటున్నారు కాబట్టి లోపలే ఉంటారు.

1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం ఆ 100 మీటర్లలో కొత్త కట్టుబడి లేదు. పాతది పడగొట్టి అదే కొలతల్లో మళ్లీ కట్టడమూ లేదు. కానీ ఇల్లు 1992 జూన్ 16 కంటే ముందు నుంచీ ఉంటే మరమ్మతుకు అడగొచ్చు. కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ దరఖాస్తులు తీసుకునే అధికారికి పెడితే, వాళ్లు 15 రోజుల్లో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అనే కేంద్ర సంస్థకు పంపాలి. ప్రజలకు నీళ్లు, కరెంటు సరఫరా చేసే పనులను చట్టం కట్టుబడిగా లెక్కే వేయదు. పాత ఇంటి పన్ను రసీదులు, ఆఖీవ్ పత్రిక (ప్రాపర్టీ కార్డు) వెతుకు. 1992కి ముందువి ఒక్కటి దొరికినా బలం.

రాత్రి పని మాత్రం వద్దు. రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, రెండూ కూడా వేయొచ్చు.

బాబుపేట_అక్క

నాన్నా, మా అత్తమ్మను ఊరి చివర ఫ్లాట్‌కి మార్చాం. గోడలు గట్టివే, వాన కురవదు. కానీ మూడో అంతస్తు నుంచి దిగలేక నెలల తరబడి ఇంట్లోనే కూర్చుంది. పాత వాడలో వాకిట్లో కూర్చుంటే పదిమంది పలకరించేవాళ్లు. అమ్మను కదిలించొద్దు అనే నేనూ అంటాను.

పఠాన్‌పురా_అబ్బాయి

అన్నా, చాలా థాంక్స్. ఇన్నాళ్లూ కుదరదు అన్న ఒక్క మాటే విన్నాం, మరమ్మతు అనే దారి ఉందని ఎవరూ చెప్పలేదు. రాత్రి అమ్మ ట్రంకు పెట్టె అంతా తీశాం. నాన్న చేతిరాతతో మడతపెట్టిన 1987 పన్ను రసీదు దొరికింది. అమ్మ దాన్ని చేతిలోంచి వదల్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా అడగాలని ఉంది. చట్టం మాకు మరమ్మతుకు దారి చూపిస్తోంది. ఘర్‌కుల్ డబ్బు మాత్రం కొత్తగా కడితేనే వస్తుంది. అదేమో గోడ పక్కన నిషేధం. కూలిన గోడను ఇటుకతో లేపి, కుళ్లిన వాసాలు మార్చి, మళ్లీ అవే పెంకులు వేసుకుంటే పర్‌కోట్‌కి ఏ నష్టం జరుగుతుంది? అనుమతి వచ్చిన పాత ఇళ్లకు ఆ రెండున్నర లక్షల్లో కొంతైనా మరమ్మతుకు ఇవ్వాలి. మా గల్లీలో ఇలాంటివి తొమ్మిది ఇళ్లు, అందులో ఐదు ఇళ్లలో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారు. తొమ్మిది ఇళ్ల తరఫున ఒకే అర్జీ మరాఠీలో రాస్తున్నాను.

అన్నా, ఆదివారం మీకు వీలైతే టేప్ పట్టుకుని రండి, తొమ్మిదీ కొలుద్దాం. భోజనం మా ఇంట్లోనే, అమ్మ ముందే చెప్పమంది.